నంది పురస్కారాల చరిత్ర: సాలూరు సంగీతకారుల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు చలనచిత్రాలకు 1964లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకొల్పిన నంది పురస్కారాల చరిత్రను ఈ వ్యాసం వివరిస్తుంది. తొలి సంవత్సరాల్లో నంది ప్రధానంగా చిత్రానికీ, రచనకూ దక్కిన గౌరవం. నటన, సంగీతం, గానం వంటి కళలకు వ్యక్తిగత విభాగాలు 1970ల రెండవ భాగంలో వచ్చాయి. ఈ వ్యవధి కారణంగా తెలుగు సినిమా స్వర్ణయుగానికి చెందిన పలువురు కళాకారుల ఉత్తమ కృషి పురస్కార పట్టికల్లో కనిపించదు. సాలూరుతో సంబంధమున్న సంగీతకారుల జీవితాలను ఆధారంగా చేసుకొని ఈ లోటును గుర్తించడం, రాష్ట్ర విభజన తరువాత పురస్కార సంప్రదాయంలో వచ్చిన మార్పులను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: నంది పురస్కారాలు, తెలుగు సినిమా, సాలూరు, సాలూరి రాజేశ్వరరావు, ఘంటసాల, రాష్ట్ర విభజన, గద్దర్ పురస్కారాలు.

1. ఉపోద్ఘాతం:

కళాకారుని కృషికి సమాజం చెల్లించే మన్ననకు లిఖితరూపం పురస్కారం. ప్రేక్షకుల ఆదరణ కాలంతో పాటు మరుగున పడవచ్చు. వసూళ్ళ లెక్కలు ఒక తరం దాటాక ఎవరికీ పట్టవు. పురస్కారాల పట్టిక మాత్రం నిలిచి ఉంటుంది. సినిమా చరిత్ర రాసేవారు ముందుగా చూసే ఆధారాల్లో అదొకటి. అందువల్ల ఆ పట్టికలో ఎవరున్నారన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ఎవరు లేరు, ఎందుకు లేరు అన్న ప్రశ్నలూ అంతే ముఖ్యం.

తెలుగు సినిమాకు సంబంధించినంతవరకు ఈ ప్రశ్నలు నంది పురస్కారాల దగ్గరికి తీసుకువెళతాయి. వాటిని పరిశీలించడానికి సాలూరు ఒక మంచి ఆధారస్థానం. నేటి పార్వతీపురం మన్యం జిల్లాలో, వేగావతి నది ఒడ్డున, ఒడిశా వైపు కొండదారి మొదలయ్యే చోట ఉన్న ఈ పట్టణం పేరు చెప్పగానే చాలామందికి లారీలు గుర్తుకు వస్తాయి. సంగీతం తెలిసినవారికి మాత్రం రెండు కుటుంబాలు గుర్తుకు వస్తాయి. అవి సాలూరి వారు, పట్రాయని వారు. చిత్రపరిశ్రమ కేంద్రాలైన మద్రాసుకూ హైదరాబాదుకూ ఎంతో దూరంలో ఉన్న ఈ ఊరి సంగీతం తెలుగు సినిమా పాటకు పునాదుల్లో ఒకటిగా నిలిచింది.

2. సాలూరు సంగీత నేపథ్యం:

సాలూరి రాజేశ్వరరావు 1922లో సాలూరు సమీపంలోని శివరామపురంలో జన్మించారు. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసులు. ద్వారం వెంకటస్వామినాయుడు గారి కచేరీలకు వాద్య సహకారం అందించినవారు. 1935లో వచ్చిన 'శ్రీకృష్ణలీలలు' చిత్రంలో రాజేశ్వరరావు బాలకృష్ణుని పాత్ర ధరించారు. ఆ తరువాత కొంతకాలం కలకత్తాలో గడిపారు. న్యూ థియేటర్స్ సంస్థ భారతీయ సినిమా పాటకు కొత్త రూపం ఇస్తున్న కాలమది. పంకజ్ మల్లిక్, సైగల్ వంటి వారి సంగీతాన్ని దగ్గరగా వినే అవకాశం ఆయనకు కలిగింది. కర్ణాటక సంగీత భూమికమీద వంగదేశపు లలిత సంగీత ఛాయలు కలవడం వల్ల తెలుగులో భావగీతానికీ, సినిమా పాటకూ ఒక కొత్త మృదుత్వం వచ్చింది. 'చంద్రలేఖ' (1948), 'మల్లీశ్వరి' (1951), 'విప్రనారాయణ' (1954), 'మిస్సమ్మ' (1955) చిత్రాల సంగీతం ఆ కృషికి నిదర్శనం.

రెండవది పట్రాయని కుటుంబం. పట్రాయని సీతారామశాస్త్రి గారు 'సాలూరి చిన గురువుగారు'గా ప్రసిద్ధులు. విజయనగరం సంగీత కళాశాలలో బోధించిన ఆయన దగ్గరే కృష్ణాజిల్లా నుంచి వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీతం అభ్యసించారు. గురువుగారి కుమారుడు పట్రాయని సంగీతరావు తరువాతి కాలంలో మద్రాసులో ఘంటసాలకు సుదీర్ఘకాలం సంగీత సహాయకులుగా ఉన్నారు. ఘంటసాల కూడా రాజేశ్వరరావు పుట్టిన 1922లోనే జన్మించారు. ఒకరు సాలూరు నుంచి బయలుదేరినవారు. మరొకరు సాలూరి గురువు వద్ద విద్య నేర్చినవారు. 'మల్లీశ్వరి'లో ఒకరు బాణీ కట్టగా మరొకరు పాడారు. ఈ ఇద్దరి పేర్లూ నంది పట్టికలో ఎక్కడెక్కడ కనిపిస్తాయో, ఎక్కడ కనిపించవో చూస్తే పురస్కార చరిత్ర స్వరూపం స్పష్టమవుతుంది.

3. పురస్కార దాతలు - బెంగాల్, ఆంధ్ర:

చలనచిత్ర పురస్కారాలను ఇచ్చేవారిని బట్టి మూడు రకాలుగా విభజించవచ్చు. అవి ప్రభుత్వాలు ఇచ్చేవి, పత్రికాసంస్థలు ఇచ్చేవి, విమర్శకులో అభిమానులో సంఘంగా ఏర్పడి ఇచ్చేవి.

బెంగాల్‌లో పురస్కార సంప్రదాయం మూడవ రకంతో బలపడింది. 1937లో కలకత్తాలో ఏర్పడిన బెంగాల్ ఫిల్మ్ జర్నలిస్ట్స్ అసోసియేషన్ దేశంలోని సినీ విమర్శకుల సంఘాల్లో అతి ప్రాచీనమైనది. చిత్రాలను చూసి, వాటి గురించి రాసేవారే ఒకచోట చేరి ఉత్తమమైనవాటిని ఎన్నుకొనే పద్ధతి అది. అక్కడా ఈ వ్యవస్థ ఎల్లకాలం ఒకే తీరున సాగలేదు. 2017 నుంచి పశ్చిమబెంగాల్ సినీ పాత్రికేయుల సంఘం వేరుగా పురస్కారాలు ఇస్తున్నది. సంఘాలు మారినా, పురస్కారం విమర్శకుల చేతిలో ఉండాలన్న భావన మాత్రం కొనసాగింది.

తెలుగులో పరిస్థితి భిన్నం. కేంద్రప్రభుత్వం 1954లో జాతీయ చలనచిత్ర పురస్కారాలను ప్రారంభించింది. 'పెద్దమనుషులు' (1954), 'బంగారుపాప' (1955) చిత్రాలకు ఆ తొలి సంవత్సరాల్లోనే ఉత్తమ తెలుగు చిత్రాలుగా గౌరవం దక్కింది. అయితే తెలుగు ప్రజలు తమదిగా భావించి, వార్త కోసం ఎదురుచూసిన పురస్కారం నంది. దాన్ని ఇచ్చింది రాష్ట్రప్రభుత్వం. ఈ భేదం పైకి చిన్నదిగా కనిపించినా దాని పర్యవసానం పెద్దది. విమర్శకుల సంఘం చీలినా పురస్కారాన్ని మరొక సంఘం కొనసాగించవచ్చు. ప్రభుత్వ పురస్కారం మాత్రం ప్రభుత్వ నిర్ణయాలతో, రాజధానితో, రాష్ట్ర సరిహద్దులతో ముడిపడి ఉంటుంది. రాష్ట్రం మారితే పురస్కారమూ మారక తప్పదు.

4. నంది ఆవిర్భావం:

1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించే నాటికి తెలుగు చిత్రపరిశ్రమ దాదాపు పూర్తిగా మద్రాసులో ఉంది. భాష తెలుగు, ప్రేక్షకులు తెలుగువారు. స్టూడియోలు, సాంకేతిక నిపుణులు, నటీనటుల నివాసాలు మాత్రం పొరుగు రాష్ట్ర రాజధానిలో ఉండేవి. భాషాప్రాతిపదికన ఏర్పడిన ప్రభుత్వానికి ఇది తీర్చవలసిన లోటుగా తోచడం సహజం. 1964లో నెలకొల్పిన రాష్ట్ర పురస్కారాలను ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. ఉత్తమ చిత్రాలను ప్రోత్సహించడంతో పాటు, మద్రాసులో పనిచేస్తున్న పరిశ్రమకు హైదరాబాదుతో ఒక బంధం కల్పించడం కూడా ఈ పురస్కారాలు నెరవేర్చిన ప్రయోజనం.

పురస్కార చిహ్నంగా లేపాక్షి నందిని స్వీకరించారు. విజయనగర రాజుల కాలంలో ఒకే శిలలో మలచిన ఆ బసవన్న మెడలో గంటలతో, తల ఎత్తి, లేవబోతున్నట్లుగా కూర్చుని ఉంటాడు. మతచిహ్నంగానే కాక, తెలుగునేల శిల్పకళకు ప్రతీకగా కూడా ఆ విగ్రహం అందరికీ పరిచితం. రాయలసీమలోని శిల్పం, కోస్తాకు చెందినవారు అధికంగా ఉన్న పరిశ్రమ, తెలంగాణలోని రాజధాని, ఈ మూడూ ఒక పురస్కారంలో కలిశాయి. ఉత్తమ చిత్రాలకు స్వర్ణనంది, రజతనంది, కాంస్యనంది అన్న వరుస ఏర్పడింది. ఉగాది సందర్భంగా పురస్కారాలను అందజేయడం సంప్రదాయమైంది. పంచాంగశ్రవణంతో పాటు నంది విజేతల వార్త కూడా తెలుగువారి పండుగలో భాగమైంది.

5. తొలి స్వర్ణనందులు:

1964 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా స్వర్ణనంది పొందినది అన్నపూర్ణా సంస్థ నిర్మించిన 'డాక్టర్ చక్రవర్తి'. కోడూరి కౌసల్యాదేవి నవల 'చక్రభ్రమణం' దానికి ఆధారం. ఆదుర్తి సుబ్బారావు దర్శకులు. విజయనగరంలో జన్మించిన గొల్లపూడి మారుతీరావు ఆ చిత్రంతోనే సినీరచనలో అడుగుపెట్టారు. దానికి సంగీతం సమకూర్చినవారు సాలూరి రాజేశ్వరరావు. ఆ విధంగా తొలి స్వర్ణనంది వెనుక ఉత్తరాంధ్రకు చెందిన ఇద్దరి కృషి ఉంది.

తరువాతి మూడు సంవత్సరాల స్వర్ణనందులు వరుసగా 'అంతస్తులు' (1965), 'రంగులరాట్నం' (1966), 'సుడిగుండాలు' (1967) చిత్రాలకు దక్కాయి. ఈ నాలుగింటినీ కలిపి చూస్తే ఒక అభిరుచి కనిపిస్తుంది. పౌరాణిక, జానపద చిత్రాలు విజయవంతంగా నడుస్తున్న కాలంలో అగ్రస్థానం సాంఘిక చిత్రాలకు లభించింది. 'రంగులరాట్నం' పురపాలక ఎన్నికల్లో అన్నదమ్ములు ప్రత్యర్థులుగా నిలిచిన కథ. 'సుడిగుండాలు' యువకుల నేరప్రవృత్తిని, దానిలో పెద్దల బాధ్యతను చర్చించిన ప్రయోగం. ఆదుర్తి, అక్కినేని కలిసి లాభాపేక్షను పక్కనపెట్టి తీసిన చిత్రం అది. ప్రేక్షకుల ఆదరణ పెద్దగా లభించని అటువంటి ప్రయత్నానికి ప్రభుత్వ గుర్తింపు దక్కడం పురస్కార లక్ష్యాన్ని తెలియజేస్తుంది. ఆలోచింపజేసే కథకు అండగా నిలవడం తొలి దశలో నంది చేసిన ముఖ్యమైన పని. చిత్రంతో పాటు కథారచనకు కూడా ఈ దశలోనే గుర్తింపు లభించడం గమనార్హం. 'రంగులరాట్నం' కథకు పాలగుమ్మి పద్మరాజు ఈ గౌరవం అందుకున్నారు.

'రంగులరాట్నం' సంగీత దర్శకులు కూడా రాజేశ్వరరావు. బి. గోపాలంతో కలిసి ఆయన ఆ చిత్రానికి పనిచేశారు. అంటే మొదటి మూడు స్వర్ణనందుల్లో రెండింటి సంగీతంలో సాలూరు వారి చేయి ఉంది. అయినా ఆ సంవత్సరాల పురస్కార పట్టికలో ఆయన పేరు లేదు. అది ఎవరి పక్షపాతమూ కాదు. సంగీత దర్శకుడికి ప్రత్యేక విభాగం అప్పటికి ఏర్పడలేదు. స్వర్ణనంది చిత్రానిది. నిర్మాత దాన్ని అందుకున్నారు, దర్శకునికి గౌరవం దక్కింది. పాట ప్రజల నోట మిగిలింది.

6. వ్యక్తిగత విభాగాలు - ఆలస్యం, పర్యవసానం:

1970ల రెండవ భాగంలో పరిస్థితి మారింది. 1975లో రాష్ట్ర చలనచిత్రాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1976లో హైదరాబాదులో అన్నపూర్ణా స్టూడియో ప్రారంభమైంది. పరిశ్రమ క్రమంగా మద్రాసు నుంచి తరలిరావడం మొదలైంది. ఈ దశలోనే పురస్కారాలు విస్తరించాయి. 1977 చిత్రాలకు గాను ఉత్తమ నటుని నందిని తొలిసారిగా 'అమరదీపం' చిత్రానికి కృష్ణంరాజు అందుకున్నారు. సంగీతం, గీతరచన, నేపథ్యగానం, ఛాయాగ్రహణం, కూర్పు వంటి విభాగాలు కాలక్రమంలో స్థిరపడ్డాయి. తరువాతి కాలంలో బాలల చిత్రాలకు, డాక్యుమెంటరీలకు, తెలుగు సినిమాపై వచ్చిన ఉత్తమ గ్రంథానికి కూడా నంది ఇచ్చారు. టెలివిజన్, నాటకరంగాలకూ నంది విస్తరించింది.

ఈ విస్తరణ హర్షణీయమే. అయితే అది వచ్చిన కాలాన్ని గమనించాలి. తెలుగు సినిమా స్వర్ణయుగంగా భావించే 1950, 60 దశకాలు అప్పటికే గడిచిపోయాయి. 'నర్తనశాల' (1963)లో కీచకునిగా ఎస్.వి. రంగారావు నటనకు జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవం ఉత్తమ నటుని బహుమతి ఇచ్చింది. స్వరాష్ట్రంలో మాత్రం ఆయన జీవించి ఉన్నంతకాలం ఉత్తమ నటునికి నంది లేదు. 1974 జులైలో ఆయన మరణించారు. ఘంటసాల అదే సంవత్సరం ఫిబ్రవరిలో కన్నుమూశారు. మూడు దశాబ్దాల పాటు తెలుగు పాటకు గొంతుకగా నిలిచిన గాయకుడు ఉత్తమ గాయకుని నంది పట్టికలో లేకపోవడానికి కారణం అర్హత కాదు. ఆ విభాగం ఆయన తదనంతరం వచ్చింది.

ఇదే ప్రాంతానికి చెందిన మరొక ఉదాహరణ దీనికి పూరకంగా నిలుస్తుంది. 1935లో విజయనగరంలో జన్మించిన పి. సుశీల కూడా అదే స్వర్ణయుగపు గాయని. 1977 తరువాత కూడా ఆమె పాడుతూ ఉండడం వల్ల ఆమెకు నందులు లభించాయి. ఆమెకు దక్కినవి ఆమె కృషిలో ఒక భాగానికి మాత్రమే ప్రతినిధులు. అంతకు ముందు పాడిన వందలాది పాటలను పట్టిక చెప్పదు. పురస్కారాల సంఖ్యను బట్టి కళాకారుల ప్రతిభను పోల్చే అలవాటు ఎంత పొరపాటో ఈ ఉదాహరణలు తెలియజేస్తాయి.

7. జీవిత సాఫల్యం - పేర్లుగా నిలిచినవారు:

పై లోటును పూరించడానికి అనుసరించిన మార్గాలు రెండు. మొదటిది జీవితకాల కృషికి పురస్కారం. తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య పేరిట 1980లో ఈ పురస్కారం ఏర్పడింది. తొలి గ్రహీత ఎల్.వి. ప్రసాద్. 1992 సంవత్సరానికి ఈ గౌరవం సాలూరి రాజేశ్వరరావుకు లభించింది. 'డాక్టర్ చక్రవర్తి'కి స్వర్ణనంది వచ్చిన 28 సంవత్సరాలకు, ఆయనకు 70 ఏళ్ళ వయసులో అది చేరింది. 1999లో ఆయన కన్నుమూశారు. పి. సుశీలకు ఈ పురస్కారం 2001లో దక్కింది. రాజేశ్వరరావు తరువాతి తరానికి ఇంత నిరీక్షణ అవసరం కాలేదు. ఆయన కుమారుడు కోటి, రాజ్‌తో జంటగా సంగీతం అందించిన 'హలో బ్రదర్' (1994) చిత్రానికి ఆ సంవత్సరం సంగీత విభాగంలో నంది వచ్చింది. ఒకే కుటుంబంలో తండ్రికి జీవిత చరమాంకంలో సమగ్ర కృషికీ, కుమారునికి నడివయసు రాకమునుపే ఒక చిత్రానికీ గుర్తింపు రావడంలోని భేదం ప్రతిభకు సంబంధించినది కాదు. అది పురస్కార నిర్మాణం మారిన తీరుకు సంబంధించినది.

రెండవ మార్గం గతించినవారి పేర్లను పురస్కారాలకు పెట్టడం. ఉత్తమ క్యారెక్టర్ నటుని పురస్కారానికి ఎస్.వి. రంగారావు పేరు, హాస్యనటునికి అల్లు రామలింగయ్య పేరు, జాతీయ సమైక్యతా చిత్రానికి సరోజినీదేవి పేరు పెట్టారు. 1996లో ఎన్.టి.ఆర్. జాతీయ పురస్కారం ఏర్పడగా తొలి గ్రహీత అక్కినేని నాగేశ్వరరావు. బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి-చక్రపాణి పేర్లతోనూ జాతీయ పురస్కారాలు ఇచ్చారు. జీవించి ఉండగా నటనకు నంది అందుకొనే అవకాశం లేని రంగారావు పేరే ఒక నందికి పేరు కావడంలో ఒక ప్రాయశ్చిత్తం ఉంది.

8. కాలనిర్ణయ నియమం:

పురస్కార పట్టికలను చదివేటప్పుడు పరిశోధకులు తరచుగా తికమకపడే అంశం సంవత్సరం. చిత్రం ఏ సంవత్సరానికి చెందినదో నిర్ణయించేది సెన్సారు ధ్రువీకరణ తేదీ. విడుదల తేదీ కాదు. 'శంకరాభరణం' 1980 ఫిబ్రవరిలో విడుదలైనా 1979 చిత్రాల్లో చేరడానికి కారణం ఇదే. విడుదల తేదీని ఆధారంగా చేసుకొని సిద్ధం చేసిన పట్టికకూ అధికారిక పట్టికకూ అందువల్ల తేడా వస్తుంది. తెలుగు సినిమా చరిత్రపై పనిచేసేవారు ఈ రెండు తేదీలను విడివిడిగా నమోదు చేసుకోవడం అవసరం.

9. విభజన - ఆగిన సభ:

2014 జూన్ 2న రాష్ట్రం రెండుగా విడిపోయింది. ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాలు ఏర్పడ్డాయి. పరిశ్రమ ఉన్న నగరం తెలంగాణ రాజధాని అయింది. నంది పేరు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి మిగిలింది. ఆ పేరుకు ప్రతీకగా నిలిచిన లేపాక్షి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 1964లో పరిశ్రమ ఒక రాష్ట్రంలోనూ పురస్కారం మరొక రాష్ట్రంలోనూ ఉన్న స్థితి యాభై ఏళ్ళ తరువాత మరొక రూపంలో తిరిగి వచ్చింది.

2012, 2013 సంవత్సరాల నందులను 2017 మార్చిలో ప్రకటించారు. వాటిలో ఉత్తమ చిత్రాలు వరుసగా 'ఈగ', 'మిర్చి'. 2014, 2015, 2016 సంవత్సరాల పురస్కారాలను అదే ఏడాది నవంబరు 14న ఒకేసారి ప్రకటించారు. 'లెజెండ్', 'బాహుబలి: ది బిగినింగ్', 'పెళ్ళిచూపులు' ఉత్తమ చిత్రాలుగా ఎంపికయ్యాయి. ఎంపికపై విమర్శలు వచ్చాయి. హైదరాబాదులో నివసించేవారికి ఆంధ్రప్రదేశ్ పురస్కారాలను విమర్శించే హక్కు ఉందా అన్న వాదన వరకు చర్చ సాగింది. ఒక నటుడు తనకు ప్రకటించిన నందిని తిరస్కరించారు. పురస్కార ఎంపికపై వివాదాలు తెలుగువారికి కొత్తవి కావు. ఈసారి కొత్తది ఏమిటంటే వివాదం కళ మీద కాక కళాకారుని చిరునామా మీద జరగడం. ఆ మూడేళ్ళ విజేతలకు పురస్కార ప్రదానసభ జరగలేదు. ఆ తరువాతి సంవత్సరాల సినిమా నందుల ప్రకటన కూడా ఆగిపోయింది.

నాటక నందులు మాత్రం వేరు దారిలో నడిచాయి. నంది నాటకోత్సవాలు వివిధ పట్టణాల్లో జరుగుతూ వచ్చాయి. 2023 డిసెంబరులో గుంటూరులో జరిగిన ఉత్సవం అందుకు ఉదాహరణ. నాటకం పోటీ జరిగే ఊరికి స్వయంగా వెళుతుంది, అక్కడి ప్రేక్షకుల ముందే నిర్ణయం జరుగుతుంది. సినిమా నంది ప్రధానంగా రాజధాని సభ. రాజధాని ప్రశ్నార్థకమైనప్పుడు ఆ సభ కూడా నిలిచిపోయింది. ఆగిన పురస్కారం వల్ల అగ్రనటులకు పోయేది తక్కువ. వారికి ఇతర వేదికలు ఉన్నాయి. శబ్దగ్రాహకులు, కూర్పరులు, దుస్తుల రూపకర్తలు, బాలనటులు, పరిశోధన గ్రంథాలు రాసినవారు వంటి వారికి ప్రజాసమక్షంలో పేరు వినిపించే సందర్భాలు అరుదు. ఏళ్ళ తరబడి నంది లేకపోవడం వల్ల నష్టపోయినవారు ప్రధానంగా వీరే.

10. గద్దర్ పురస్కారాలు - కొత్త పేరు, పాత చట్రం:

తెలంగాణ ఏర్పడిన తరువాత సొంత పురస్కారాల ఆలోచన సాగింది. 'సింహ' అన్న పేరు ప్రతిపాదనలో వినిపించినా ఆచరణలోకి రాలేదు. 2024 జనవరి 31న గద్దర్ జయంతి సందర్భంగా, నంది స్థానంలో ఆయన పేరిట పురస్కారాలు ఇస్తామని ముఖ్యమంత్రి ప్రకటించారు. 2025 జూన్ 14న హైదరాబాదులోని హైటెక్స్‌లో తొలి ప్రదానోత్సవం జరిగింది. 2024కు ఉత్తమ చిత్రంగా 'కల్కి 2898 ఏడీ' ఎంపికైంది. 2014 నుంచి 2023 వరకు ఒక్కొక్క సంవత్సరానికి కూడా ఉత్తమ చిత్రాలను ప్రకటించారు.

ఈ పేరు వెనుక ఒక చారిత్రక వైచిత్రి ఉంది. 'ఒరేయ్ రిక్షా' (1995) చిత్రంలోని పాటకు గీతరచయితగా ప్రకటించిన నందిని గద్దర్ స్వీకరించలేదు. ప్రభుత్వ పురస్కారాన్ని నిరాకరించిన ప్రజాకవి పేరు ఇప్పుడు ఒక ప్రభుత్వ పురస్కారానికి పేరైంది. దీన్ని ఆ నిరాకరణకు ఆలస్యంగా అందిన మన్ననగా చూడవచ్చు. నిరసన స్వరాన్ని కూడా ప్రభుత్వం తనలో కలుపుకొనే తీరుగానూ చూడవచ్చు. ఈ రెండు వ్యాఖ్యానాలకూ అవకాశం ఉంది.

పేరు మారినా చట్రం చాలావరకు నంది నాటిదే. ప్రథమ, ద్వితీయ, తృతీయ ఉత్తమ చిత్రాల వరుస కొనసాగింది. ఎన్.టి.ఆర్., బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి-చక్రపాణి, రఘుపతి వెంకయ్య పేర్లతో ప్రత్యేక పురస్కారాలు ఇక్కడా ఉన్నాయి. వాటికి తెలంగాణకు చెందిన తొలితరం నటుడు పైడి జైరాజ్, జానపద కథానాయకుడు కాంతారావు పేర్లు తోడయ్యాయి. రాజకీయంగా రాష్ట్రం విడిపోయినా సినిమా స్మృతి విడిపోలేదనడానికి ఇది నిదర్శనం. ఉమ్మడి రాష్ట్రంలో పట్టికకు ఎక్కని తెలంగాణ పేర్లు కొత్త చట్రంలోకి రావడం కూడా అంతే ముఖ్యమైన విషయం.

మరొక పరిణామాన్ని పరిశోధకులు గుర్తుంచుకోవాలి. 2014, 2015, 2016 సంవత్సరాలకు ఇప్పుడు రెండేసి అధికారిక ఉత్తమ చిత్రాలు ఉన్నాయి. నంది పట్టికలో 'లెజెండ్', 'బాహుబలి: ది బిగినింగ్', 'పెళ్ళిచూపులు' ఉండగా, గద్దర్ పట్టికలో వరుసగా 'రన్ రాజా రన్', 'రుద్రమదేవి', 'శతమానం భవతి' ఉన్నాయి. భాష ఒకటే, సంవత్సరం ఒకటే, ప్రేక్షకులూ చాలావరకు ఒకరే. నిర్ణయించిన ప్రభుత్వాలు వేరు. ఉత్తమత్వం చిత్రంలో ఎంత ఉందో, ఎంచినవారి దృష్టిలోనూ అంతే ఉందని ఈ రెండు పట్టికలు పక్కపక్కన నిలిచి చెబుతున్నాయి.

11. ముగింపు:

పై పరిశీలన నుంచి కొన్ని అంశాలు తేలుతున్నాయి.

1. నంది పురస్కారాలు తొలి దశలో చిత్రానికీ కథకూ ప్రాధాన్యం ఇచ్చాయి. సాంఘిక సమస్యలను చర్చించిన చిత్రాలకు అండగా నిలిచాయి.

2. వ్యక్తిగత విభాగాలు ఆలస్యంగా రావడం వల్ల స్వర్ణయుగపు నటులు, గాయకులు, సంగీత దర్శకుల ప్రధాన కృషి పట్టికలకు ఎక్కలేదు. ఘంటసాల, ఎస్.వి. రంగారావు, సాలూరి రాజేశ్వరరావు ఇందుకు ఉదాహరణలు. అందువల్ల 1977కు ముందు కాలానికి నంది పట్టికను మాత్రమే ప్రమాణంగా తీసుకోవడం సరికాదు.

3. ప్రభుత్వమే దాత కావడం నందికి గౌరవాన్నీ విస్తృతినీ ఇచ్చింది. అదే కారణం వల్ల రాష్ట్ర విభజన ప్రభావం దానిమీద నేరుగా పడింది.

4. గద్దర్ పురస్కారాలు నంది చట్రాన్ని వారసత్వంగా స్వీకరించి, దానికి తెలంగాణ స్మృతిని జోడించాయి.

ఆంధ్రప్రదేశ్‌లో నందిని పునరుద్ధరిస్తామన్న మాట ప్రభుత్వం నుంచి వినిపిస్తున్నది. అది కార్యరూపం ధరించేటప్పుడు రాజధాని సభకు పరిమితం కాకుండా, నాటక నంది వలె పట్టణాలకు వెళ్ళే అవకాశాన్ని పరిశీలించవచ్చు. ప్రకటించి అందజేయని పురస్కారాలను గ్రహీతలకు చేర్చడం మొదటి బాధ్యత. గతంలోని న్యాయనిర్ణేతల నివేదికలు, పురస్కార నియమావళులు భద్రపరచి పరిశోధకులకు అందుబాటులో ఉంచడం రెండవది. సాలూరు నుంచి మద్రాసుకు వెళ్ళిన ఒక సంగీతకారుని పేరు తొలి స్వర్ణనంది చిత్రపు తెరమీద ఉండి, పురస్కార పట్టికలో 28 సంవత్సరాల తరువాత కనిపించింది. తెరకూ పట్టికకూ మధ్య ఉన్న ఆ దూరాన్ని కొలవడానికి అటువంటి ఆధారాలే పరిశోధకులకు దారి చూపగలవు.